ఆ ఎత్తు ఎందుకు వేశారో రాసుకోండి, తమ్ముడూ

ప్రశ్న: అక్కా, నాకు 41 ఏళ్ళు. గాజువాకలో ఉంటాం. ప్లాంటులో షిఫ్ట్ డ్యూటీ. మా బాబు ఐదో తరగతిలో చెస్ క్లాసులో చేరాడు. వాడికి తోడుగా మొదలుపెట్టి, చివరికి వాడికంటే నేనే ఎక్కువ మునిగిపోయాను. రోజూ నాలుగైదు ఆటలు ఆన్‌లైన్‌లో ఆడతాను. ఏడాదిన్నరగా రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) 1300 దగ్గరే తిరుగుతోంది. ఓపెనింగ్ వీడియోలు చూస్తాను, పజిల్స్ చేస్తాను. కానీ పది ఎత్తులయ్యాక ఏం చేయాలో తోచదు. ఆట అయ్యాక ఇంజన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెడితే ఎర్ర గుర్తులు వస్తాయి. ఓహో అనుకుని మూసేస్తాను, మర్నాడు మళ్ళీ అదే తప్పు. స్ట్రాటజీ ఎలా నేర్చుకోవాలి? కోచ్‌ని పెట్టుకోవాలా? ఈ వయసులో అసలు వస్తుందా? ఈమధ్య ఓడిపోయిన ఒక ఆట పంపుతున్నాను. గుర్తున్నంతవరకు కొన్ని ఎత్తులు ఎందుకు వేశానో పక్కన రాశాను. — ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం:

తమ్ముడూ, మీ ఆటను నిన్న సాయంత్రం బోర్డు మీద పెట్టి, మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు వేసి చూశాను. మొదటి పది ఎత్తులు చక్కగా ఉన్నాయి. బలగమంతా బయటికొచ్చింది, రాజు భద్రంగా ఉన్నాడు, ఎక్కడా తొందర లేదు. పదకొండో ఎత్తు నుంచి చెయ్యి తడబడింది. హెచ్3 (అక్షరం బోర్డు మీద నిలువు వరసను, అంటే ఫైల్‌ను, అంకె అడ్డ వరసను చెబుతుంది), ఆ తర్వాత ఏ3, ఏనుగును సీ1కి, రెండు ఎత్తులయ్యాక మళ్ళీ ఏ1కి. సైన్యమంతా సిద్ధంగా నిలబడి ఉంది, ఎటు వెళ్ళాలో చెప్పేవాళ్ళు లేరు. మీరు అడుగుతున్న స్ట్రాటజీ ఆ చెప్పడంలోనే ఉంది.

పేర్ల గురించి ముందే ఒక మాట. మా క్లాసు పిల్లలు రూక్, క్వీన్ అంటారు. నాకు చిన్నప్పటి నుంచి ఏనుగు, మంత్రి అనడమే అలవాటు. బిషప్‌ని మాత్రం బిషప్ అనే అంటాను. దాన్ని ఒకరింట్లో ఒంటె అంటారు, ఇంకొకరింట్లో శకటు అంటారు.

మీ ఆటలో సీ ఫైల్‌లోని మీ బంటు, మీ ప్రత్యర్థి ‘ఈ’ ఫైల్ బంటు మార్పిడిలో పోయాయి. పదో ఎత్తు అయ్యేసరికి మంత్రి వైపు మీకు ‘ఏ’, ‘బీ’ బంట్లు రెండు. ఆయనకు ఏ7, బీ7, సీ6 మూడు. మధ్యలో మీ డీ4, ఆయన డీ5 ఒకదాన్నొకటి అడ్డుకుని నిలబడ్డాయి. దీన్ని కార్ల్స్‌బాడ్ నిర్మాణం అంటారు. పెద్ద పెద్ద ఆటగాళ్ళు తరతరాలుగా ఆడుతూ వస్తున్న పొజిషన్ ఇది. ఇందులో తెల్లవాడికి, అంటే మీకు, బాగా నలిగిన దారి ఒకటుంది. ఏనుగును బీ1కి తెచ్చి, బీ బంటును బీ4కి, అక్కడి నుంచి బీ5కి నెట్టాలి. ఇద్దరు ముగ్గురి మీదికి వెళ్ళడమన్నమాట, అందుకే దానికి మైనారిటీ ఎటాక్ అని పేరు. తక్కువమంది ఎక్కువమంది మీదికి వెళ్ళడమేమిటి అనిపిస్తుంది కదా. ఫలితం చూడండి. బీ5కి వచ్చిన బంటును ఆయన సీ6 బంటుతో కొడితే, డీ5 బంటుకు పక్కన తోడు ఉండదు. కొట్టకపోతే మీరే సీ6 మీద కొడతారు, ఆయన బీ7 బంటుతో తిరిగి కొడతాడు, ఈసారి సీ6 బంటు బలహీనంగా మిగులుతుంది. దాని ఎదురుగా సీ ఫైల్ మీకు తెరిచే ఉంది. ఇక మీ మంత్రికి, రెండు ఏనుగులకు, గుర్రానికి అన్నిటికీ ఒకటే పని, ఆ బంటు మీద ఒత్తిడి పెంచడం.

ఇప్పుడు మీ ఏ3 ఎత్తు దగ్గరికి రండి. బీ4కి దన్నుగా అది పనికొచ్చే ఎత్తే. ఇంజన్ దాన్ని తప్పు పట్టదు. కానీ దాని పక్కన మీరు రాసిన కారణం, “ఆయన బిషప్ బీ4కి రాకుండా.” ఆ బిషప్ ఈ7లో హాయిగా ఉంది, బీ4కి వచ్చి అది సాధించేదేమీ లేదు. ఎత్తు మంచిదే, ఆలోచన వేరే. అందుకే ఆ తర్వాత బీ4 రాలేదు, ఏనుగు బీ1కి బదులు సీ1కి వెళ్ళింది. మళ్ళీ ఏమీ తోచక ఇంటికొచ్చింది.

తమ్ముడూ, మీ సమస్య అంతా ఈ ఒక్క చోటే కనిపిస్తోంది నాకు. మీరు నమ్ముకున్న ఎర్ర గుర్తులు దీన్ని ఎప్పటికీ చూపించవు. ఇంజన్ ఎర్ర గుర్తు ఎప్పుడు పెడుతుంది? ఒక్క ఎత్తుతో పరిస్థితి ఒక్కసారిగా దిగజారినప్పుడు. దారి తెలియక వేసిన ఎత్తు ఒక్కొక్కటీ పావు బంటు విలువ కూడా పోగొట్టదు. అలాంటివి ఐదారు వరసగా పడ్డాక, ఊపిరాడని స్థితిలో ఏడో ఎత్తుకు గుర్రం పోతుంది. ఎర్ర గుర్తు ఆ ఏడోదానికే పడుతుంది. కుండ పగిలిన చోటు అందరికీ కనిపిస్తుంది, బీట ఎక్కడ మొదలైందో వెతుక్కోవాలి. ఏ ఎత్తు తప్పో ఇంజన్ చెబుతుంది. ఆ ఎత్తు వేసేటప్పుడు మీ మనసులో ఏముందో దానికెలా తెలుస్తుంది? అది మీ ఒక్కరికే తెలుసు, అదీ ఒకటి రెండు రోజులే గుర్తుంటుంది.

మీ ప్లాంటులో షిఫ్ట్ మారేటప్పుడు లాగ్‌బుక్ రాసి దిగుతారు కదా. ఎన్ని గంటలకు ఏం జరిగింది, ఏం చేశాం, ఎందుకు చేశాం అని. రేపెప్పుడో గుర్తు తెచ్చుకుని రాస్తామంటే ఏ ఇన్‌చార్జీ ఒప్పుకోడు. ఆటకు కూడా అదే పద్ధతి పెట్టండి. ఆట ముగిసిన రోజే, ఇంజన్ తెరవకముందే, ఒక నోట్‌బుక్‌లో రాయండి. ప్రతి ఎత్తుకూ అక్కర్లేదు, అలా మొదలుపెడితే మూడో రోజుకే విసుగొస్తుంది. నాలుగు చోట్ల ఆగితే చాలు. మీకు తెలిసిన ఓపెనింగ్ ఎక్కడ అయిపోయిందో అక్కడ. ఎక్కువసేపు ఆలోచించిన చోట. అవతలివాడి ఎత్తు చూసి అరే అనుకున్న చోట. ఆట చేజారిందనో, చేతికొచ్చిందనో మీకు అనిపించిన చోట. ఆ నాలుగింటి దగ్గరా అప్పుడు ఏమనుకున్నారో ఉన్నదున్నట్టు రాయండి. “ఏమీ తోచక వేశాను” అయితే అదే రాయండి. ఆ మాట పుస్తకంలో ఎన్నిసార్లు వచ్చిందో నెలాఖరుకు లెక్కపెడితే, ఏం నేర్చుకోవాలో అదే చెబుతుంది.

రాసిన తర్వాత బోర్డు మీద ఆ పొజిషన్ పెట్టి, మీకు మీరే కొన్ని ప్రశ్నలు వేసుకోండి. నా బలగంలో ఏమీ పని లేకుండా కూర్చున్నది ఏది? బంట్ల అమరిక ఎవరికి ఏ వైపు ఎక్కువ చోటిస్తోంది? ఏ ఫైల్ తెరుచుకుంది, తెరవడం ఎవరి చేతిలో ఉంది? అవతలివాడి స్థానంలో నేనుంటే ఏం చేయాలనుకునేవాణ్ణి? ఈ చివరి ప్రశ్నను అందరూ వదిలేస్తారు. మీ ఆటలో నల్లవాడు 16వ ఎత్తు నుంచి తన గుర్రాన్ని ఈ4కి చేర్చే ప్రయత్నంలోనే ఉన్నాడు. మూడు ఎత్తులపాటు అది కళ్ళముందే జరిగింది. మీరు పక్కన రాసుకున్న మాటల్లో ఆ గుర్రం ప్రస్తావనే లేదు.

ఇక 38వ ఎత్తు. దీనికి నా మనసు నిజంగా కలుక్కుమంది, ఎందుకంటే అప్పటికి మీరు కష్టపడి ఆట నిలబెట్టుకున్నారు. మంత్రులు లేవు, గుర్రాలు లేవు, బిషప్‌లు లేవు. ఇద్దరికీ ఒక్కో ఏనుగు. ఆయనకు ‘ఏ’ ఫైల్‌లో ఎవరూ అడ్డుకోలేని బంటు ఒకటి ముందుకొస్తోంది. మీ ఏనుగు సరిగ్గా ఆ బంటు వెనక నిలబడింది, ఆయన ఏనుగు దాని ముందు ఇరుక్కుంది. బంటు కదలాలంటే ఆయన ఏనుగు పక్కకు జరగాలి, జరిగితే ఆ బంటును మీరు కొట్టేస్తారు. అంతకంటే మంచి చోటు మీ ఏనుగుకు బోర్డు మీద లేదు. అక్కడి నుంచి దాన్ని తీసి మార్పిడికి పెట్టారు. పక్కన రాశారు, “సింపుల్ చేద్దామని.” ఏనుగులు పోయాయి. ఆ దూరపు బంటును పట్టుకోవడానికి మీ రాజు ఆ చివరికి పరిగెత్తాల్సి వచ్చింది. ఈలోగా ఆయన రాజు మధ్యలోంచి నడిచొచ్చి ఇటువైపు బంట్లన్నీ తినేశాడు.

ఇది మీ ఒక్కరి తప్పే అనుకోకండి. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి ఆట, 14వది, మీరు చూసే ఉంటారు. మన తెలుగు కుటుంబం పిల్లాడు గుకేశ్‌కు, అప్పటి చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌కు మధ్య. ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో బిషప్, గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. అందరూ డ్రా అనుకుంటున్నారు. 55వ ఎత్తులో డింగ్ తన ఏనుగును ఎఫ్2కి జరిపి మార్పిడికి పెట్టాడు. గుకేశ్ ఏనుగులు మార్చుకుని, వెంటనే బిషప్‌ను డీ5లో పెట్టాడు. మూలన ఏ8లో ఉన్న డింగ్ బిషప్‌కు తప్పించుకునే దారి లేదు, బిషప్‌లు కూడా మారిపోయాయి. మిగిలింది రాజులూ బంట్లూ, అది నల్ల కాయలతో ఆడుతున్న గుకేశ్ గెలిచే ఆట. మూడు ఎత్తుల్లో డింగ్ చేతులెత్తేశాడు, 18 ఏళ్ళకే గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అలసిపోయిన మనసుకు “మార్చేసుకుంటే తేలికవుతుంది” అనిపించడం ఎంత సహజమో ఆ ఆట చూస్తే అర్థమవుతుంది. మీ పుస్తకంలో మార్పిడులకు ఒక పేజీ విడిగా పెట్టండి. ప్రతి ఆటలో మీరు చేసిన మార్పిడులు రాసి, ఒక్కోదాని పక్కన రెండు ముక్కలు: పోయినవి ఏవి, మిగిలినవి ఏవి. మనం ఎప్పుడూ పోయేవాటినే చూస్తాం. ఆట నడిచేది మిగిలినవాటితో.

ఈ పద్ధతి నాకు ఎవరో పుస్తకంలో రాసి ఇచ్చింది కాదు. పదిహేనేళ్ళ వయసులో జగదాంబ జంక్షన్‌కు దగ్గర్లో జరిగిన ఒక టోర్నమెంటులో ఒక పెద్దాయన చేతిలో ఓడిపోయాను. ఏడుపు ఆపుకుంటూ లేవబోతుంటే, “కూర్చోమ్మా” అని కాయలన్నీ మళ్ళీ మొదటి నుంచి పేర్చారు. ఒక్కో ఎత్తూ వేస్తూ, ఒక చోట ఆగి, “ఇదెందుకేశావమ్మా?” అని అడిగారు. అక్కడ నా బిషప్‌ను ఇచ్చి ఆయన గుర్రాన్ని తీసుకున్నాను. జవాబు చెప్పలేకపోయాను. ఆయన కోప్పడలేదు, నవ్వలేదు, తర్వాతి ఎత్తుకు వెళ్ళిపోయారు. ఇంటికొచ్చి, ట్రంకుపెట్టెలో పడేసిన ఆ ఏడాది ఎత్తులు రాసుకున్న స్కోర్‌షీట్లన్నీ తీశాను. ఓడిన ఆటలు తొమ్మిది. అందులో ఆరింటిలో, అడిగేవాళ్ళు లేకుండానే నా బిషప్‌ను గుర్రానికి ఇచ్చేశాను. గుర్రం అంటే భయం నాకు, అది ఎటు దూకుతుందో లెక్క అందేది కాదు. కనబడితే చాలు తీసేయాలని ఉండేది. ఆరు ఆటలు పక్కపక్కన పెట్టేదాకా ఆ భయం నాకే తెలియదు. ఒక్క ఆట చూస్తే ఒక్క తప్పే కనిపిస్తుంది. పది ఆటలు కలిపి చూస్తే మన స్వభావం కనిపిస్తుంది.

ఆయన చేసినట్టు, ఆట అయ్యాక ప్రత్యర్థితో కూర్చోవడం టోర్నమెంట్లలో ఇప్పటికీ ఉన్న మంచి ఆచారం. ఈసారి ఆదివారం టోర్నమెంటుకు వెళితే ఓడిపోగానే బండి తీయకండి. “ఒక్క ఐదు నిమిషాలు చూద్దామా అండీ” అని అడగండి. చాలామంది సంతోషంగా కూర్చుంటారు. మీరు భయపడిన ఎత్తు ఆయనకు తట్టనే లేదనీ, మీరు లెక్కచేయని బంటు గురించే ఆయన ఆటంతా ఆలోచించాడనీ అప్పుడే తెలుస్తుంది. ఏ ఇంజనూ ఇవ్వలేని సమాచారం అది. గంటల తరబడి సాగే క్లాసికల్ ఆటల్లో ఎత్తులు రాయడం ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమం కాబట్టి షీటు మీ చేతిలోనే ఉంటుంది. త్వరగా ముగిసే ర్యాపిడ్‌లో ఆ నియమం లేదు, ఇంటికి రాగానే గుర్తున్నంతవరకు రాసేసుకోండి.

తన ఆటలను తానే కోసి చూసుకోవడంలో మిఖాయిల్ బోట్విన్నిక్‌ను మించినవారు అరుదు. 1957లో స్మిస్లోవ్ చేతిలో ప్రపంచ కిరీటం పోగొట్టుకుని 1958లో తిరిగి గెలుచుకున్నాడు. 1960లో తాల్ చేతిలో పోయింది, 1961లో మళ్ళీ తెచ్చుకున్నాడు. తన ఆటల మీద తానే విశ్లేషణ రాసి అచ్చుకు ఇవ్వమని ఆటగాళ్ళకు చెప్పేవాడు, నలుగురు చదివి తప్పులు పట్టుకుంటారనే భయం ఉంటే మనం మనకు అబద్ధం చెప్పుకోం కాబట్టి. మీరు అచ్చు వేయించక్కర్లేదు, రాసింది మీ బాబుకు చూపించండి. “నాన్నా, ఇక్కడ ఎందుకు ఇలా వేశావు?” అని వాడు అడిగితే చాలు.

ఇక ఇంజన్. దాన్ని మానేయమనడం లేదు, ఆఖరున తెరవమంటున్నాను. గుకేశ్‌ను కోచ్ విష్ణు ప్రసన్న చాలా ఏళ్ళు ఇంజన్‌కు దూరంగానే పెంచారు. 2019లో 12 ఏళ్ళకు గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి కూడా సొంత బుర్రతో లెక్కపెట్టడమే ఆ పిల్లాడి ఆస్తి. మీరు రాసుకోవడం పూర్తయ్యాక స్టాక్‌ఫిష్ అనే ఇంజన్ పెట్టండి. అది ఉచితమే, లైచెస్ వెబ్‌సైట్‌లో ఏ ఖర్చూ లేకుండా దొరుకుతుంది. అర బంటు లోపు తేడాలను పట్టించుకోకండి, మన స్థాయిలో వాటితో ఆట తేలదు. మీరు రాసిన అంచనాకు, దాని అంచనాకు ఎక్కడ పొంతన లేదో అక్కడ ఆగండి. నేను బాగున్నాననుకుంటే అది ఓడిపోతున్నావంటోందా? ఎందుకు? అది చూపించిన ఎత్తు అర్థం కాకపోతే, ఆ పొజిషన్ నుంచి మీరు వేద్దామనుకున్న జవాబులు ఒక్కొక్కటీ దాని ముందు వేసి చూడండి. మూడు నాలుగు ఎత్తుల్లో కారణం బయటపడుతుంది. అప్పుడు ఆ కారణాన్ని తెలుగులో, మీ మాటల్లో ఒక్క వాక్యం రాయండి. “ప్లస్ 1.8” అని ఇంజన్ ఇచ్చిన అంకె రాస్తే రేపటికి ఏమీ మిగలదు. “బంటు వెనక ఉన్న ఏనుగును కదపకూడదు” అని రాస్తే చేతిలో ఉంటుంది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. 1300 దగ్గర ఎక్కువ ఆటలు పొరపాటున కాయ వదిలేయడం వల్లే పోతాయి, పజిల్స్ ఆపకండి. కానీ ఆ కాయ ఏ స్థితిలో పోయిందో కూడా చూడండి. ఇరుకున పడి, టైమ్ అయిపోతూ, టెన్షన్‌లో వదిలేసింది వేరు, ఊరికే చూసుకోక వదిలేసింది వేరు. గెలిచిన ఆటలు కూడా నెలకు ఒకటైనా రాయండి. అవతలివాడి పొరపాటుతో గెలిచిన ఆటలో మన తప్పు దాక్కుని ఉంటుంది.

రోజుకు నాలుగైదు ఆటలంటే, తమ్ముడూ, చాలా ఎక్కువ. మూడు నిమిషాల ఆటలో ఆలోచనే ఉండదు, రాయడానికి ఏముంటుంది? వారానికి రెండు ఆటలు ఆడండి, ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం ఉన్నవి. నైట్ షిఫ్ట్ దిగి వచ్చి ఆడకండి. బీ షిఫ్ట్ వారంలో పొద్దున్నే, టీ తాగాక, ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆడండి. అదే రోజు అరగంట రాయండి. వారాంతపు సెలవు రోజున ఇంజన్.

కోచ్ ఇప్పుడే వద్దు. ఇరవై ఆటలు ఇలా రాశాక ఆ నోట్‌బుక్‌తో వెళ్ళండి. ఏ కోచ్ అయినా అరగంటలో మీ అసలు జబ్బు పట్టుకుంటాడు, ఫీజు వృథా కాదు. వయసు గురించి అడిగారు. మన కోనేరు హంపి పాప పుట్టాక ఆటకు విరామం ఇచ్చి, తిరిగొచ్చి 2019లో ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, మళ్ళీ 2024లో 37 ఏళ్ళకు గెలిచింది. ఆమె 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్, ఆ పునాది మనకు లేదు, నిజమే. గ్రాండ్‌మాస్టర్ కావడం మీ కోరికా కాదు. 1300 నుంచి 1600కి రావడానికి 41 ఏళ్ళు అడ్డు కాదు. నా దగ్గరికి యాభై దాటాక వచ్చి నేర్చుకున్నవాళ్ళున్నారు, వాళ్ళలో ముందుకెళ్ళినవాళ్ళంతా రాసుకునే అలవాటు ఉన్నవాళ్ళే.

ఈ వారం పని ఒకటి. మీరు పంపిన ఆటనే పదో ఎత్తు దగ్గర ఆపి, బోర్డు మీద పెట్టి, మీరు తెల్ల, బాబు నల్ల తీసుకుని ఆడండి. ఈసారి ఏనుగు బీ1కి, బంటు బీ4కి. వాడు గెలిచినా ఫరవాలేదు. రెండోసారి రంగులు మార్చుకుని మళ్ళీ అక్కడి నుంచే ఆడండి, ఆ బంటు దాడి ఎదురైతే ఎలా ఉంటుందో అవతలి కుర్చీలోంచి తెలుస్తుంది. తర్వాతి ఉత్తరంలో ఆ రెండు ఆటలూ పంపండి. మీ చేతిరాతతో, నాలుగు చోట్ల మీ ఆలోచన, వీలైతే బాబు ఆలోచన కూడా. ఇంజన్ రిపోర్ట్ జత చేయకండి, నేను బోర్డు మీదే చూస్తాను.